ఈనె ఎండేదాకా

ఆకు రెండు రాత్రుల్లో రంగు తిరుగుతుంది.
ఈనె ఎండడానికి ఇంకో మూడు పగళ్ళు.
ఇది మా నాయన మాట.
టంగుటూరి అవతల పొగాకు బ్యారన్ల దగ్గర
మంట కాసి కాసి
కనురెప్పల వెంట్రుకలు పోగొట్టుకున్న మనిషి.

ఒక మాఘమాసం నిద్రపోయాడు.
సారా అనాలి, నిద్ర అనకూడదు.
కర్ర మీంచి ఒక్క ఆకు జారి గొట్టం మీద పడింది.
తెల్లారేసరికి బ్యారన్ లేదు,
నాలుగు మొండిగోడలూ, మధ్యలో తియ్యటి కంపూ.
మూడేళ్ళ కూలి ఆ బూడిదకి రాసిచ్చాడు.
ఆ మూడేళ్ళూ మమ్మల్ని కొట్టాడు.

అడుగుల్ని బట్టి తెలిసేది మాకు.
చెప్పు ఈడిస్తే అమ్మ రోకలి దాచేది.
అసలు చప్పుడే లేకపోతే
తమ్ముణ్ణి లాక్కుని నులకమంచం కింద దూరేదాన్ని.
అక్కడి మట్టికి నా గోళ్ళు బాగా తెలుసు.

సంతోషమ్మని, జరుగుమల్లి నుంచి నడిచొచ్చేది.
తెల్లచీర, చంకలో సంచి, సంచిలో పుస్తకం.
బైబిలమ్మ అనేవాళ్ళు అందరూ.
వాక్యం చెప్తుందేమోనని
నాయన కట్టెమొద్దు పైకెత్తాడు.
చెప్పలా.
పొయ్యి ముందు గొంతుక్కూర్చుని
"కళ్ళు చూడు ఎట్టున్నయ్యో. పడుకో నాయనా,
మంట నేను చూస్తా" అంది.

ఆ మాటకే ఏడ్చాడంట.
పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అన్లేదంట ఆ మాట.
రాత్రంతా ఆమె తుమ్మమొద్దులు తోసింది,
గంటగంటకీ లాంతరెత్తి వేడి చూసింది.
నాయన నిద్రపోయాడు.
ఈసారి నిద్రే.

పాలేట్లో నీళ్ళు లేవు ఆ ఎండాకాలం.
బాప్తిస్మానికి ఇసకలో చెలమ తవ్వారు.
పాస్టరయ్య తల ముంచితే కాళ్ళు తేలాయి,
బొటనవేళ్ళు రెండూ పొడిగా బయటే ఉండిపోయాయి.
"చూస్కోండి, ఆ కాళ్ళు మళ్ళీ కొట్టుకే పోతయ్"
అంది మా అవ్వ గట్టు మీంచి.
పోలయ్య పౌలయ్యాడు.
అవ్వ బోసినోట్లో రెండూ ఒకటే.
రేషన్ కార్డులో ఇంకా పోలయ్యే,
అమ్మ ఎప్పటికీ అంకమ్మే.

సాక్ష్యం చెప్పేటప్పుడు
ఒక్క దినాన మారిపోయానంటాడు నాయన.
అందరూ చప్పట్లు కొడతారు.
నేనూ కొడతాను.
ఆయనకి ఒక్క దినమే.

నీళ్ళలోంచి లేచొచ్చిన ఆ సాయంత్రం కూడా
మేం మంచం కిందే ఉన్నాం.
వంగి చూశాడు.
తడిజుట్టులోంచి ఇసక రాలింది మా మీద.
రండి అన్లేదు.
చూరు కింద బయటే కూర్చున్నాడు
మేం నిద్రపోయేదాకా.

మర్నాటి నుంచి సందు మలుపులోనే దగ్గేవాడు,
మూడుసార్లు,
నేనే, తాగలేదు, వస్తున్నా అని.
అమ్మ గడియ తీసేది.
రోకలి మాత్రం కోళ్ళగంప వెనకే.
ఏడాది. రెండేళ్ళు.

ఒకరోజు తమ్ముడు లాంతరు చిమ్నీ పగలగొట్టాడు.
నాయన చెయ్యి లేచింది.
లేచిన చేతిని ఎక్కడ పెట్టాలో తెలీక
చూరు పట్టుకుని నిలబడ్డాడు చాలాసేపు.
తాటాకు కరకరమంది.
ఏ సాక్ష్యంలోనూ ఈ సంగతి చెప్పడు.
నేను నమ్మడం మొదలెట్టింది అక్కడే.

సంతోషమ్మ పోయిన ఏడు,
వేలాలు ముగిసిన రాత్రి,
బాగా పొద్దుపోయి వచ్చాడు నాయన.
మలుపులో దగ్గాడంట.
ఎవరికీ వినిపించలా.
తలుపు తోస్తే తెరుచుకుంది.
గడియ వేయడం మర్చిపోయాం మేం.
రోకలి పిండి అంటుకుని రోటి పక్కనే ఉంది.

తెల్లారి అమ్మ తిట్టింది నన్ను,
దొంగలు పడితే ఏం చేద్దువే అని.
పొయ్యి ముందు నాయన
నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో.
పొగ.