ఏకగ్రీవం

ఇరవై రెండేండ్లు
పంచాయతీ కారోబారుగా రాసిన మాట ఇది.
తీర్మానం కింద, సంతకాల మీద
చెయ్యి ఆగకుండ రాసేటోన్ని:
"సభ ఏకగ్రీవంగా ఆమోదించినది."

గ్రీవమంటె మెడ అని
మా తెలుగు సారు ఎప్పుడో చెప్పిండు.
ఊరంతటికీ ఒక్కటే మెడ ఉంటె
పూలదండ ఏసుడు అల్క.
ఇంకేమేసినా అల్కనే.

ఈసారి సర్పంచు కుర్సీకి
పాలకేంద్రం ముందల పాట పెట్టిండ్రు.
పదకొండు లక్షల కాడ షురువై
ఇరవై మూడు కాడ ఆగింది.
పైసలు బొడ్రాయికి, బోరు మోటరుకు,
మిగిలితె బడి ప్రహరికి.
నాకు తప్పేం కనబడలే.
ఎలచ్చనంటె సార, కొట్లాట, కేసులు.
పాటంటె లెక్క.

మారపెల్లి ఓదెమ్మ
మిరపకాయ తొడిమలు తీసే మనిషి.
ఎనుమాముల మార్కెట్ల సగం బతుకు ఎండబెట్టింది.
దగ్గుకుంట లేచింది.

"జెండా పాట నేనెరుగుదు కారోబారూ.
పొద్దుగాల జెండా పట్టుకొచ్చి
ఒక్కని బస్తాలకు రేటు పాడుతరు.
తెల్లారి పేపర్ల ఆ రేటే అచ్చయితది.
మిగిలినోళ్ల మిర్చంత
ఆ రేటు పేరు మీద అగ్గువకు పోతది.
ఇయ్యాల జెండా ఎవరి బస్తా మీద ఎత్తిండ్రు?
నా ఓటు ఏ మూల బస్తల ఉన్నది?"

"అందరు ఒప్పుకున్నరు గదవ్వా."

"సప్పుడు జెయ్యకుంట కూసున్నరు.
నీ బుక్కుల రెండిటికీ ఒక్కటే మాటనా?"

నా బుక్కుల నిజంగనే ఒక్కటే మాట.

రేగొండ పోయి నామినేషన్ ఏసింది.
కత్తెర గుర్తు.
బొడ్రాయి ఆగిపాయె, మోటరు ఆగిపాయె,
ముసల్ది ఊరి నోట్ల మన్ను గొట్టె అన్నరు.
నేను గూడ అన్న.
రాయాలె గనక రాస్తున్న.

ఇంటింటికి తిరిగింది.
"నాకే ఎయ్యమంటలేను,
ఎవలకేసినా ఎందుకేస్తున్నవో
ఒక్కపాలి చెప్పు" అనుకుంట.
కొందరు తలుపులు పెట్టుకున్నరు.
కొందరు చెప్పరాక ఛాయ పోసిండ్రు.
మేదరి సాంబయ్య ఒక్కడు చెప్పిండు:
"పాట పాడినాయినకే ఏస్త.
మొన్న కరువుల వడ్డి అడగలే నన్ను."
"మంచిది" అన్నది.
ఆ మాటను కొంగున ముడేసుకున్నట్టు పట్టుకొని
పక్కింటి గడప ఎక్కింది.

డెబ్బై ఒక్క ఓట్లు పడ్డయి.
పటాకులు కాల్తున్నయి, గులాలు లేస్తున్నది.
గెలిచినాయన ముందల పోయి నిలబడ్డది.
ఆడనే ఫారం నింపుతున్న నేను.

"ఓడిపోయిన బిడ్డా" అన్నది.
"పాటతోని అయితె
నీ ఇరవై మూడు లక్షలకు సర్పంచువు అయితుంటివి.
ఇప్పుడు నాకు గూడ సర్పంచువే.
సభల మోటరు ముచ్చట అడుగుత.
కోపానికి రావద్దు, చెప్పాలె."

ఆయన నవ్విండు.
ఆ నవ్వు ఏడ ఆపాల్నో తెల్వక
గులాలు తుడుసుకున్నడు.

నిన్న మొదటి సభ.
మోటరు ఏ వాడకట్టుకని
పొద్దుమూకే దాక లొల్లి.
ఆరుగురు కాదన్నరు.
ఎందుకు కాదన్నరో ఒక్కొక్కలు చెప్పిండ్రు.
ఒకలది పైపుల లెక్క,
ఒకలది పాత పగ,
సాంబయ్యది మాత్రం సక్కటి ముచ్చట:
ఎత్తు మీదున్న ఇండ్లకు నీళ్లెక్కయట.
పాటాయన చాలసేపు ఇన్నడు.
ఆఖరుకు తన మాటే నెగ్గించుకున్నడు గని
కారణం చెప్పి నెగ్గించుకున్నడు.

కాదన్న మాటలు రాసే అలవాటు లేదు నాకు.
గడి సరిపోలే, మార్జిన్ల కెక్కినయి అక్షరాలు.
ఆఖరి వరుస కాడికొచ్చి
"ఏక" అని రాసినంక చెయ్యి ఆగింది.
గీత కొట్టిన.

కొట్టేసిన కాడ
పక్కన చిన్న సంతకం పెట్టాలె, రూలు.
పెట్టిన.