గౌసియా చెంచా

మొదట చెప్పు జారింది.
ఉదయగిరి బస్టాండు దాటాక చూసుకుంటే
ఒంటికాలికే ఉంది.
"యాడ చూసి నడస్తావమ్మే" అన్నాను. నేనే అన్నాను.

తర్వాత గడప. తర్వాత ఉలి.
నర్ది కొయ్యలో చెంచా గుంట తీసే చెయ్యి
సగంలో ఆగి, కొయ్య వైపే కోపంగా చూసేది.

దిష్టన్నారు. నరాలన్నారు.
కొండమీద దర్గాకి వీపున మోసుకెళ్లాను,
బరువే లేదు.

నెల్లూరులో పిల్లడాక్టరమ్మ కాగితం మీద గీసింది:
కండ తనకు తానే చేసుకునే చక్కెర ఒకటుందంట,
టీలో వేసేది కాదు.
దాన్ని చేసే రాతలో అక్షరం తప్పింది.
అమ్మా నాన్నా అక్కచెల్లెళ్ల బిడ్డలు.
ఒకే తాత తప్పు
రెండు దోవల్లో వచ్చి చెల్లెల్లో కలిసింది.

నాకూ వాళ్లే అమ్మా నాన్నా.
నా ఉలి ఆగలేదు.

"మందు?"
"ఎలకల్లో పనిచేసింది. మనుషుల్లో ఇంకా తేలలేదు."

తొడకండ చివరిదాకా నిలబడుద్దంట.
దాన్ని నమ్ముకునే గోడ పట్టుకుని లేస్తది.

ఇప్పుడు నేను చెక్కుతాను.
అరచేతుల మధ్య పెట్టి తను గరుకుకాగితం రుద్దుద్ది.
నిన్న ఒకటి ఎత్తి చూపించింది,
చిటికెనవేలి గోరంత చెంచా.

"ఆ చక్కెరకి ఇది సరిపోద్దా, అక్కా?"