సున్నం గీత పక్కన

గుంతకల్లు రైల్వే గ్రౌండులో
సున్నం గీతకు జానెడు ఇవతల
గోనెపట్ట పరుచుకొని కూసుంటాంటిమి
లోకోషెడ్డోళ్లం.
గోలు ఎనక షామియానా, కుర్చీలు, సోడాలు ఆఫీసర్లవి.
మాకు దొరికింది ఎడమ పక్క అంచు.
ఆ అంచు హొన్నూరుది.

గోలు కొట్టేవాణ్ని జనం దూరం నుంచి చూస్తారు.
బ్యాక్ ఆడేవాణ్ని మేము దగ్గరుండి విన్నాం.
ఊపిరి వినపడ్తాండె,
మోకాలు పటుక్కుమనేది వినపడ్తాండె,
బంతి రాకముందే ఎదుటి వింగరును
"దా నాయనా, దా" అని
పెండ్లికి పిల్చినట్ల పిల్చేది వినపడ్తాండె.
షిఫ్టు దిగి నేరుగా వస్తాండె ఆయప్ప,
చెవుల ఎనక బొగ్గుమసి కడుక్కోకుండానే.
ఉరికితే ఎర్రదుమ్ము లేచి
మా బొరుగుల్లో పడేది.
ఉఫ్ అని ఊదుకొని తింటాంటిమి.

ఎన్ని గోల్సు కొట్నాడు తాతా, అంటాడు మనవడు.
ఒగటీ లేదు.
మరి ఏం చేసినాడు?

ఏం చెప్పేది?
పడని గోలును ఏ పేపరోడు రాసుకున్నాడు?
హుబ్లీ జట్టులో పొడుగుకాళ్ల పిల్లోడు
ముగ్గుర్ని దాటుకొని వచ్చె,
మా గోలీ బోర్లా పడిపాయ, వల ఖాళీ.
యాణ్నుంచి వచ్చెనో హొన్నూరు కాలు.
ముందు కాలు వచ్చె,
మనిషి తర్వాత వచ్చె.

ఆ పొద్దు వాన పడిందంటాడు ఫిట్టర్ సుంకన్న.
వాన యాడిది, ముందురోజు ట్యాంకరుతో నీళ్లు కొట్టించినారంటాడు
పాయింట్స్‌మన్ జోజప్ప.
నాకైతే ఎడమ బూటు నోరు తెరుచుకొని
గోనెదారంతో కుట్టుండేది మతికుంది.
అది కుడి బూటంటారు ఇద్దరూ.
నలబై ఏండ్లు దాటినా తెగలేదు ఈ పంచాయితీ.

పిల్లోళ్లకు నేర్పిచ్చేటప్పుడు ఒగటే మాట చెప్తాండె:
"వాని కాళ్లు చూడొద్దు రా,
కాళ్లు అబద్ధాలాడతాయి.
బంతిని చూడు."

ఇంగొకటి ఉంది. ఎవరూ ఎత్తరు దాన్ని.
ఫైనలు. ఐదు నిమిషాలుండె.
బయటికి తోయబోయి
మన వలలోకే తోసినాడు.
కూత మధ్యలో ఆవిరి అయిపోయిన ఇంజను మాదిరి
గ్రౌండంతా ఆగిపాయ.
అప్పుడు లేచి
ఎడమకాలి చెప్పు ఇసిరింది నేనే.

ఎవరూ చూళ్లేదనుకుంటి.
విజిలు ఊదినంక, అందరూ గోనెలు దులుపుకుంటాంటే
వచ్చి, చెప్పుకు అంటిన సున్నం తన నిక్కరుకు తుడిచి,
నా ముందర పెట్టి,
"ఒంటి చెప్పుతో ఇంటికెట్ల పోతావప్పా,
దావలో ముండ్లుంటాయి" అనె.
అంతే. నైట్ డ్యూటీకి పాయ.

ఆ చెప్పులే ఇంగా మూడేండ్లు తొక్కినా,
వేరేవి కొనే దుడ్లు లేక.
కుడిదాంతో ఏం బాధ లేదు.
ఎడమది మటుకు కరుస్తానే ఉండె.

ఇప్పుడు షెడ్డులో ఆవిరి లేదు, బొగ్గు లేదు.
గ్రౌండులో సగం స్కూటర్లు నిలబెడతారు.
పొద్దున ఉగ్గాని బండి కాడ కలుస్తాం నలుగురం,
పోయినోళ్లు పోంగా.
హొన్నూరు మిరపకాయ బజ్జీలో కారం తీసేసి తింటాడు,
డాక్టరు చెప్పినాడని.
మోకాలు ఇప్పుడు గూడా పటుక్కుమంటుంది.

తొమ్మిదికి మనవరాల్ని బడికి పిల్చుకపోతాడు.
కసాపురం రోడ్డు దాటేటప్పుడు చూడాల ఆయప్పని.
బండల లారీ మలుపు తిరిగేలోపల
పాప లోపలికి, ముసలాయన బయటికి.
ఎప్పుడు మారినాడో కనపడదు.
డ్రైవరు హారన్ కొడతాడు, తల బయట పెట్టి తిడతాడు.
హొన్నూరు వాని మొగం చూడడు,
చక్రం చూస్తాడు.

మెల్లగా ఏందో అంటాడు.
రోడ్డు అవతలోళ్లకు తెలీదు.
పక్కన నడిచేటోళ్లకే వినపడుతుంది:
దా నాయనా, దా.