రెండు మీటర్లు

పదహారుమందిమి.
బూట్ల కింద ఇరుక్కున్న గడ్డిగింజల్ని
బ్రష్షుతో గీకి కడిగించి మరీ దింపాడు ఎఫ్రయిన్.
"ఏ జీవికైనా రెండు మీటర్ల దూరం" అన్నాడు.

ఫెర్నాండినా.
తాళ్ళు పేనుతూ పేనుతూ చల్లారిపోయిన లావా.
దానిమీద దాని రంగులోనే ఇగువానాలు,
ఒకదానిమీదొకటి పడుకుని
ఉప్పు చీదుతున్నాయి.

రెక్కలు కురచైన నీటికాకి ఒకటి
నాచుపోగు కరుచుకుని గూటికి నడిచొచ్చింది.
ఆడది అటూ ఇటూ తిప్పి చూసి
సరేలే అన్నట్టు కిందికి తోసుకుంది.

"మా నాన్న ఇక్కడే
సముద్రపు దోసకాయలు ఏరేవాడు,
రాత్రిళ్ళు, దొంగతనంగా."
ఎవరూ అడగలేదతన్ని.

రెండు మీటర్ల సంగతి తెలియని ఇగువానా పిల్ల
అతని బూటెక్కి
ఎండ కాచుకుంటూ కళ్ళు మూసింది.

పదహారుమందిమీ పడవలో కూర్చున్నాం.
ఇంజను తాడు చేత్తో పట్టుకుని
అతను ఒడ్డునే,
కదలకుండా.