మధ్యరకం

మ్యాపు పరిచాక బల్ల చాలలేదు.
ఒక మూల ఉప్పుసీసా,
ఒక మూల మ్యూరియెల్ కళ్ళజోడు పెట్టె,
మూడో మూల నా మోచెయ్యి.
నాలుగోది చుట్టుకుపోతూనే ఉంది, వేల్స్ వైపు.

రేపు కింగ్టన్‌లో సంత.
బళ్ళు సర్దుకోకముందే బయల్దేరాలి,
చర్చి పక్క సందులోంచి.

పుస్తకం ఈ దారిని మధ్యరకం అంది.
'ఎవరి మధ్యకి?' అంది మ్యూరియెల్
కొత్త తుంటి మీద చెయ్యేసుకుని.

అందుకని మైళ్ళు మానేసి
కంచెలు దాటే చెక్కమెట్లు లెక్కేశాం.
పదకొండు.
గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకున్న చోట గుట్ట;
అక్కడ నా గోరుకి ఆయాసం వచ్చింది.

ఈ పొలంలో ఆవులు, దూడలతో.
పెన్సిల్ పక్కకి తప్పుకుంది.
ఇక్కడ వాగు. వానొస్తే దాటురాళ్ళు మునుగుతాయట,
మళ్ళీ తప్పుకుంది.
గుండ్రంగా గీద్దామనుకున్నది
సొరకాయలా తేలింది.
సరే, సొరకాయే నడుద్దాం.

అప్పుడు,
ఎక్కడా ఏమీ రాసిలేని పచ్చటి చోట
ఆమె వేలు ఆగింది.
'ఇక్కడో బెంచీ ఉండేది.
డెనిసూ నేనూ ఉడికిన గుడ్లు తినేవాళ్ళం.'
అంతే.
వేలు తీసేసి టీకప్పు అందుకుంది.

అది మా దారిలో పడదు.
వెళ్ళి, వెళ్ళిన దారినే వెనక్కి రావాలి.
పెన్సిల్ నాలిక మీద తడిపి
చిన్న గీత లాగాను;
సొరకాయకి తొడిమ మొలిచింది.

'ఎన్ని గుడ్లు ఉడకేయను?'
'మూడు' అంది, మ్యాపు మడుస్తూ,
తప్పు మడతల్లో.
'ఒకటి ఎటూ గుట్ట కిందికి దొర్లుతుంది.'