సుంకపు మెట్టు

పొద్దున తొమ్మిదికి వాగ్దాన లోయ గేటు తెరుస్తారు.
కొలత చక్రం, నీలం ఫైలు, కౌంటీ ముద్ర ఉన్న టోపీ,
ఇంతే నా సరంజామా.
మిస్సోరి కొండల్లో, టాలిస్ కౌంటీలో
ఆస్తులకు విలువ కట్టే ఉద్యోగం నాది.
పదకొండేళ్లుగా కోళ్లఫారాల మీద, పడవల షెడ్ల మీద,
చచ్చిపోయినవాళ్ల ట్రైలర్ల మీద ధర రాస్తున్నాను.
దేవుడి పేరున్న స్థలానికి రాయడం ఇదే మొదలు.

కిటికీలో పిల్ల నవ్వి
"నలభై ఎనిమిది డాలర్లు, కానుక" అంది.
నిరుడు అదే కిటికీలో అదే యంత్రం
అదే కాగితం మీద టికెట్టని అచ్చేసేది.
మాట మారింది. చిల్లర మారలేదు.
"కానుక ఇవ్వకపోతే?"
ఆ ప్రశ్న ఆ పిల్ల ఎన్నడూ విని ఉండదు.
మేనేజరు కోసం ఫోనెత్తింది.
వద్దులెమ్మని డబ్బిచ్చాను, రసీదు జేబులో పెట్టాను.

పార్కు వకీలు లాయల్ హెండ్రిక్స్ పక్కనే నడుస్తున్నాడు,
సెప్టెంబరు ఎండలోనూ చెమట పట్టని మనిషి.
"ఇది గుడి, కోరిన్. పైకప్పు లేదంతే."
నూట పన్నెండు ఎకరాలూనా?
ఒంటెల కొట్టం?
"ఒంటె కూడా సాక్ష్యమే."
ఓడ కింద ఐస్‌క్రీం కొట్టు?
"ఆకలిగొన్నవాళ్లకు పెట్టడం సేవ."
మరి పార్కింగు, కారుకు పన్నెండు డాలర్లు?
కాసేపు ఆలోచించాడు.
"యాత్రికుల విడిది."

చక్రం దొర్లించుకుంటూ పోయాను.
నది పొడవు రెండువందల పది అడుగులు. క్లోరిన్ వాసన.
అడుగున నాణేలు. అవి ఏ పద్దులోకి పోతాయో
మూడో అనుబంధంలో కూడా లేదు.
తెల్లంగీ వేసుకున్న ఒకావిడ
మోకాలి లోతు నీళ్లలో నిలబడి
మా ఇద్దరికీ వీపు తిప్పి ఏడుస్తోంది.
హెండ్రిక్స్ కూడా నోరు మెదపలేదు.
ఆమె నిలబడ్డ చోటికి ఫారంలో గడి ఉంది: ఆరాధన.
ఒడ్డున టవళ్ల దుకాణం, ఒక్కోటి పద్నాలుగు.
దానికీ గడి ఉంది.
మధ్యలో, ఆమె తడి పాదాలు మోపబోయే
ఆ రెండడుగులకే లేదు.

మధ్యాహ్నం ఆట.
ఫైబర్‌గ్లాసు మేడిచెట్టు గబగబా ఎక్కుతాడు పొట్టి సుంకరి,
జనం నవ్వుతారు.
పిలుపు వినబడగానే దిగి
ఆస్తిలో సగం పేదలకని ఒట్టేస్తాడు.
రోజుకు మూడు ఆటలు. మూడుసార్లు సగం.
గంటకు పదకొండు డాలర్ల కూలి.
అతన్ని ఎరుగుదును. డెల్మర్ ఫిప్స్.
బడి బస్సు తోలేవాడు, నాలుగో రూటు,
మట్టిరోడ్డు చివరి ఇళ్లదాకా.
పార్కు పన్ను ఎత్తేసిన ఏడాది
బడి పద్దులో పడ్డ చిల్లుకు
మాసికగా కోసింది ఆ రూటునే.

చెట్టు వెనక గడ్డం పీకి నీళ్లు తాగుతూ అన్నాడు:
"నిన్ను చూసి ఇవాళ పైకొమ్మ దాకా ఎక్కాను.
అసలు సుంకరి ముందు వేషం కదా, సిగ్గేసింది."
పన్ను వేస్తే ఇది నిలబడుతుందా డెల్మర్?
"వెయ్యకపోయినా అంతే. మా అత్త
ఆరువేలు పెట్టి వీళ్ల బాండ్లు కొంది, భక్తితో.
మార్చి నుంచి వడ్డీ లేదు.
నెలనెలా ప్రార్థన కార్డు మాత్రం వస్తుంది."
గడ్డానికి జిగురు పట్టడం లేదు. అద్దకుండా అడిగాడు,
"నాలుగో రూటు మళ్లీ వేస్తారా?"
అది నా కుర్చీ పని కాదు. ఆ మాటే చెప్పాను.
చెప్పాక అక్కడ నిలబడలేకపోయాను.

సాయంత్రం ట్రక్కులో కూర్చుని ఫారం తీస్తే
జేబులోంచి రసీదు జారింది.
వెనక చీమ కాళ్లంత అక్షరాలు:
ప్రవేశం ప్రతిఫలంగా పొందినందున
ఈ మొత్తాన్ని విరాళంగా చూపుకోరాదు.
వాళ్ల కాగితమే. వాళ్ల సిరాయే.
ఫైలుకు పిన్ను గుచ్చాను.

కొట్టం, పన్ను. కొట్టు, పన్ను. విడిది, పన్ను.
నది, మినహాయింపు.
రెండడుగుల మట్టిని నదిలో కలిపేశాను,
ఎవరైనా కొలిస్తే కొలుచుకోనీ.
మేడిచెట్టు, ఎత్తు పదహారు అడుగులు.
వాడుక అన్న గడి దగ్గర చాలాసేపు పెన్ను ఆగింది.
చివరికి రాశాను: దిగడానికి.