ఓడ కింద వంటిల్లు

చెప్పులు విప్పక్కర్లేదు, ఎక్కండి.
నమాజు వేళకి గేటు మూసేస్తారు,
ఈలోగా బాందా ఆచే మొత్తం పైనుంచి చూసి రావచ్చు.
దిగాక దాహమేస్తే చెరకురసం నా దగ్గరే.

ఇది కరెంటు పుట్టించే ఓడ.
రేవులో కట్టేసి ఉండేది.
ఆ ఆదివారం పొద్దున్న కొబ్బరిచిప్పలా తేలుకుంటూ
ఊళ్ళోకొచ్చి కూర్చుంది.
మళ్ళీ లేవలేదు.
బరువు ఇన్ని వేల టన్నులని బోర్డు మీద రాశారు.
నాకు తెలిసిన తూకం వేరు:
ముందువైపు కింద రోహానీ వాళ్ళ అరుగు,
నడుమ కింద దర్జీ ఇల్యాస్ మిషను,
వెనకాల, ఆ తుప్పు చార దిగిన చోట
నా వంటిల్లు.
పొయ్యి మీద అరిటాకుల్లో తింఫాన్ ఉడుకుతోంది అప్పటికి.
మూత తియ్యలేదు.

మెడాన్ నుంచి బస్సుల్లో వస్తారు,
కౌలాలంపూర్ నుంచి విమానాల్లో వస్తారు.
"మీవాళ్ళెవరైనా..." అని సగంలో ఆపుతారు.
మిగతా సగం గ్లాసు కడుగుతూ నేనే పూర్తిచేస్తాను.
మొదట్లో చెప్పడానికి గంట పట్టేది.
ఇప్పుడు గడ రెండుసార్లు గానుగలో తిరిగేలోపు అయిపోతుంది.
పిప్పి మిగిలిన కథ.
ముక్లిస్‌కి ఓసారి ఆరేళ్ళంటాను, ఓసారి ఏడంటాను.
అబద్ధం కాదు.
జనవరి వస్తే ఏడు.

ఏడ్చేవాళ్ళకి మంచినీళ్ళిస్తాను, డబ్బులు తీసుకోను.
రెండు వేళ్ళు పైకెత్తి ఫోటోలకి నవ్వే పిల్లల్ని చూసి
మొదట్లో ఒళ్ళు మండేది.
నవ్వనీ, వాళ్ళప్పటికి పుట్టనే లేదు.
ఒకాయన మాత్రం బేరమాడాడు,
రెండువేల రుపయాలు తగ్గించమని, పది నిమిషాలు.
నిజం చెప్పొద్దూ, ఆ రోజంతా ప్రాణం హాయిగా ఉంది.
నన్ను ఒట్టి చెరకురసం మనిషిగా చూశాడు.

ఇన్నేళ్ళలో నేనెక్కలేదు.
సొంత ఇంటి కప్పు ఎవరెక్కుతారు,
వాన కారితే తప్ప?

మొన్న బక్రీదు సెలవుల్లో
ఓ పిల్ల పైన తప్పిపోయింది.
తల్లి కాళ్ళాడక మెట్ల దగ్గర కూలబడింది.
గడ అక్కడే పడేసి నేనెక్కాను.

పైన దూరదర్శిని దగ్గర
మునివేళ్ళ మీద నిలబడి ఉంది పిల్ల,
నాణెం వెయ్యకుండానే లోపలికి చూస్తోంది.
"ఏం కనపడుతోందే?"
"నలుపు."
నడుం సంచిలోంచి నాణెం తీసి వేశాను.
ముందు అది చూసింది, తర్వాత నేను.

అమ్మో, అంత దూరమా సముద్రం!
తీగ మీద ఆరేసిన లుంగీ అంచంత.
అది ఇక్కడిదాకా నడిచొచ్చిందంటే
ఆరోజు మొదలు ఇన్నాళ్ళకి
నాకే నమ్మబుద్ధి కాలేదు.
కిందికి తిప్పితే నా బండి.
ఎవరో ఖాళీ గ్లాసు పట్టుకుని
అటూ ఇటూ చూస్తున్నారు.
బండి వెనకాల ఎవరూ లేరు.

టక్కున నల్లబడిపోయింది.
డబ్బులైపోయాయి.

ఇంకొకటి కూడా చూశాను, చెప్పకూడదనుకున్నాను.
నీళ్ళు ఎటునుంచి వచ్చాయని అడిగిన ప్రతివాళ్ళకీ
ఇన్నేళ్ళూ చెయ్యి చాపి చూపిస్తున్నానా,
సముద్రం అటు లేనే లేదు.
ఎక్కడో ఎడంగా, మసీదు గుమ్మటానికి అవతల ఉంది.
నేను చూపించేది మా గుమ్మం ఉన్న వైపు.
ఆ చప్పుడేమిటో చూసొస్తానని
ముక్లిస్ చెప్పుల్లేకుండా పరిగెత్తిన వైపు.

పిల్లని తల్లికప్పగించి బండి దగ్గరికొచ్చాను.
గ్లాసు పట్టుకున్నాయన కూడా అదే అడిగాడు.
ఐసు వెయ్యనా వద్దా అని కనుక్కుని,
చెయ్యి తుడుచుకుని,
అటే చాపాను.